చిన్నాయన క్యాసెట్లలో అమ్మ ఎనిమిది సెకన్లు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. మనుషులను గుర్తుపట్టగల వివరాలు తొలగించి, దాని సారాంశాన్ని ముందుగా ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు బోధిస్తారు, కవిత్వం రాస్తారు. ఆమె చిన్నాయన 1988 నుంచి దాదాపు పదిహేనేళ్ళు ఒక చిన్న వీడియో స్టూడియో నడిపారు. నిరుడు ఆయన పోయిన తరువాత, చిన్నమ్మ బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్తూ ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, అటక మీద రెండు రేకు పెట్టెల్లో అరవైకి పైగా వీహెచ్‌ఎస్ క్యాసెట్లు బయటపడ్డాయి. చాలావాటికి లేబుళ్ళు ఊడిపోయాయి. జనం వచ్చి తీసుకుపోని పెళ్ళి క్యాసెట్లు, కెమెరాలో వాడిన అసలు క్యాసెట్లు, గృహప్రవేశాలు, ఓణీ ఫంక్షన్లు, రెండు మూడేళ్ళ గంగ జాతర అన్నీ కలిసిపోయి ఉన్నాయి. చిన్నమ్మ "నీకు కావాలంటే తీసుకుపో" అని ఇచ్చేశారు.

1997 నాటి ఒక పెళ్ళి క్యాసెట్లో, భోజనాల బంతి మధ్య, ఆమె వాళ్ళమ్మ ఎనిమిది సెకన్లు కనబడ్డారు. అమ్మ 2009లో చనిపోయారు. ఇంట్లో ఫోటోలు ఉన్నాయి గాని, అమ్మ కదులుతూ కనిపించేది ఇదొక్క చోటే. చిలకాకుపచ్చ చీరలో సాంబారు బకెట్టు పట్టుకొని వస్తున్న ఆమె, ఫోకస్ లైటు మొహాన పడగానే గరిటె ఉన్న చేతినే కళ్ళకు అడ్డం పెట్టుకొని, నవ్వి, కెమెరా పట్టుకున్న మరిదితో ఏదో అంటారు. ఆ మాట వినబడదు. దాని మీద సినిమా పాట మిక్స్ చేసి ఉంది.

కొత్తగా ఒక్క షాటూ తీయకుండా, ఈ క్యాసెట్లతోనే, తాను రాసిన డెబ్బై పంక్తుల కవితను తన గొంతుతో చదివి, పన్నెండు నిమిషాల లఘుచిత్రం చేయాలని ఆమె కోరిక. నాయన మాత్రం "ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు బజార్లో పెడతావా, మీ అమ్మను కూడానా" అని ఒక్కమాటతో లేచి వెళ్ళిపోయారు. ఎడిటింగ్ చేస్తానన్న స్నేహితుడు ప్రతి పంక్తికీ సరిపోయే బొమ్మ వెతికి అతికిస్తున్నాడు. అమ్మ ముఖాన్ని కృత్రిమ మేధతో స్పష్టం చేసి, ఎనిమిది సెకన్లను నలభై సెకన్లకు సాగదీద్దామంటున్నాడు. అన్నిటికన్నా బలమైన షాటు 1994 నాటి ఒక పెళ్ళిలో ఉంది. తాళి కడుతున్న క్షణంలో పెళ్ళికూతురు ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఆ పెళ్ళి రెండేళ్ళలో విడిపోయింది. ఆవిడ ఇప్పుడు ఈమెకు రోజూ ఎదురుపడే మనిషి. ముఖం మసకచేసి వాడవచ్చునా అని ఉత్తరంలో అడిగారు. చిత్రోత్సవానికి పంపేందుకు పది వారాల గడువు ఉంది. చివరగా ఇలా రాశారు: "దొరికిన బొమ్మల మీద నాకు ఏ హక్కు ఉంది? అమ్మ నవ్వు మీద నా గొంతు ఉండాలా, వద్దా?"

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మీరు రెండు ప్రశ్నలు అడిగారు గాని, వాటి కింద చట్టం, మర్యాద, చిత్ర నిర్మాణం అనే మూడు విషయాలు చిక్కుపడి ఉన్నాయి. చట్టం గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది మీరు భయపడినంత పెద్దదీ కాదు, మీ స్నేహితుడు తీసిపారేసినంత చిన్నదీ కాదు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు ప్రతిఫలం చెల్లించి తీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. అంటే అడ్వాన్సు తీసుకొని చిన్నాయన తీసిన పెళ్ళి, క్యాసెట్టు ఆయన అటక మీదే మిగిలిపోయినా, ఆ కుటుంబానిదే. ఎవరూ అడగకుండా ఆయనే సరదాగా తీసిన జాతర, ఊరికే తిప్పి చూసిన షాట్లు ఆయనవి, కనుక ఇప్పుడు ఆయన వారసులవి. చిన్నమ్మ మీకు ఇచ్చింది క్యాసెట్లను. వాటిలోని బొమ్మలను వాడుకునే అనుమతి వేరే విషయం, దాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏ క్యాసెట్లు, ఎందుకోసం, ఎక్కడ ప్రదర్శించేందుకు, ఎంతకాలం అన్న నాలుగు సంగతులు రాసి, చిన్నమ్మ చేతా ఆమె పిల్లల చేతా సంతకం చేయించుకుంటే ఒక్క కాగితంతో పోతుంది. సినిమాలకు ఈ హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు ఉంటుంది గనుక, పాతవే కదా అన్న మాట 1990ల నాటి వాటికి చెల్లదు. పైన కలిపిన సినిమా పాటలు మరొకరివి, వాటిని పూర్తిగా తీసేయండి. పరిశోధన, విమర్శ వంటివాటికి చట్టంలో మినహాయింపులు ఉన్నా, మీ చిత్రం వాటి కిందికి వస్తుందన్న ధీమాతో పోటీకి పంపవద్దు. ఒక న్యాయవాదికి అరగంట చూపించండి.

ఇక మర్యాద. ఇతరులు ఎప్పుడో తీసిన బొమ్మలతో కొత్త చిత్రం కూర్చే ఈ పద్ధతిని ఫౌండ్ ఫుటేజ్ అంటారు. ఆ మాటలో 'దొరికిన' అన్న అర్థం ఉంది, కాని దొరికిందల్లా దిక్కులేనిదని కాదు. ఈ పద్ధతికి తొలి గొప్ప ఉదాహరణల్లో ఒకటి 1927లో ఎస్ఫిర్ షూబ్ అనే సోవియట్ ఎడిటర్ చేసిన చిత్రం. రష్యాను ఏలిన జార్ చక్రవర్తి కుటుంబం తన ముచ్చట కోసం తీయించుకున్న రీళ్ళను, నాటి వార్తా చిత్రాలను ఏరి, వాటిని తీయించుకున్నవారు కలలోనైనా ఊహించని అర్థం వచ్చేలా ఆమె పేర్చారు. ఓడ మీద నాట్యం చేసే ప్రభువుల పక్కన చెమటోడ్చే రైతులు కనబడతారు. పొగడ్త కోసం తీసిన బొమ్మ సాక్ష్యంగా మారిపోతుంది. ఎడిటింగుకు అంత శక్తి ఉంది. ఆ శక్తిని సామ్రాజ్యాన్ని ఏలినవారి మీద ప్రయోగించడం వేరు, పందిట్లో తల వంచుకొని కూర్చున్న మనూరి అమ్మాయి మీద ప్రయోగించడం వేరు. పెళ్ళికూతురు ముఖం తిప్పుకోవడాన్ని మీరు ఆ పెళ్ళి భవిష్యత్తుకు సూచనగా చదువుతున్నారు. హోమం పొగ కళ్ళలో పడి తిప్పుకుందేమో. జరిగినదంతా తెలిసిన తరువాత ఆ షాటుకు మీరు తగిలిస్తున్న అర్థాన్ని ఆవిడ తన జీవితం మీద తీర్పుగా చూడవలసి వస్తుంది, అదీ తెలిసిన మనుషుల మధ్య కూర్చొని.

ముఖం మసకచేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. తిరుపతి వంటి ఊళ్ళో మనుషులను చీరతో, పందిరితో, పక్కన నిలబడిన మేనమామతో గుర్తుపడతారు. పైగా మసక వేసిన ముఖం నేరవార్తల్లోని ముఖంలా కనబడుతుంది, దాచవలసినది ఏదో ఉందని చాటుతుంది. మీకు ఉన్న దారి ఆవిడను అడగడం. కాని మొదటి రోజే సినిమా మాట ఎత్తవద్దు. మీ పెళ్ళి క్యాసెట్టు మా చిన్నాయన ఇంట్లో ఉండిపోయింది, మీకు ఇమ్మంటారా, మా దగ్గర ఉంచడం ఇష్టం లేకపోతే ఏం చేయమంటారు అని మాత్రమే అడగండి. ఆవిడ తీసుకొని పారేయవచ్చు. తీసుకోకుండానే మిమ్మల్ని కొన్నాళ్ళు తప్పించుకు తిరగవచ్చు. లేదా, నెల తరువాత తానే వచ్చి చూద్దామనవచ్చు. చివరిది జరిగితేనే సినిమా సంగతి చెప్పండి. మొదటి రెండింటిలో మీ చిత్రం తన బలమైన షాటును కోల్పోతుంది, ఆ నష్టానికి సిద్ధపడకుండా ఆవిడ దగ్గరికి వెళ్ళవద్దు.

ఓణీ ఫంక్షన్ల విషయంలో నేను ప్రత్యామ్నాయాలేవీ చెప్పడం లేదు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలను పెద్దలు కుర్చీలో కూర్చోబెట్టి తీయించినవి అవి. ఆ పిల్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్నా చాలదు, పెద్దదైన ఆ స్త్రీ తానే ఒప్పుకోవాలి. వాటిని పక్కన పెట్టేయండి.

ఇంత తీసేస్తే ఏం మిగులుతుందని మీకు దిగులు కలిగి ఉంటుంది. నేను కొన్నేళ్ళు ఎడిటింగ్ గదుల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, మీ సినిమా మిగిలిన దానిలోనే ఉంది. ఉత్తరం నాలుగో పేజీలో మీరు దాదాపు విసుగుతో ఒక సంగతి రాశారు. చాలా క్యాసెట్లలో చిన్నాయన కెమెరా ఆపడం మరిచిపోయాడు, నిమిషాల తరబడి జంపఖానా, చెప్పుల గుట్ట, నడిచిపోయే కాళ్ళు తప్ప ఏమీ లేవు, కొన్నిచోట్ల తెల్లటి పంచె మీద కెమెరా పెట్టి రంగు సరిచూసుకున్నాడు, లైటు బల్బు చుట్టూ పురుగులను ఊరికే తీశాడు అని. అమ్మా, అవి వ్యర్థం కాదు! పెళ్ళివారు డబ్బిచ్చినది తాళికి, తలంబ్రాలకు. చెప్పుల గుట్టకు ఎవరూ డబ్బివ్వలేదు. ఎవరికీ ఇవ్వడానికి పనికిరాని ఆ నిమిషాల్లో పదిహేనేళ్ళ పాటు ఊరందరి సంబరాల్లో ఒక మూల నిలబడిన మనిషి చూపు ఉంది. ఆ చూపు ఒక్కసారి, ఎనిమిది సెకన్ల పాటు, వదిన వైపు తిరిగింది. పన్నెండు నిమిషాలు అక్కరలేదు, ఏడు చాలు. ముఖాలు లేని చేతులు, విస్తళ్ళు, కాళ్ళు, నీడలు నడుస్తూ ఉండగా, మొత్తం చిత్రంలో ఒకే ఒక్క ముఖం మీ అమ్మది అయితే, ఆ ముఖం వచ్చినప్పుడు ప్రేక్షకుడు ఎలా చూస్తాడో ఊహించండి. ఇతరుల ముఖాలను వదిలిపెట్టింది మర్యాద కోసమే అయినా, అదే మీ చిత్రానికి రూపం ఇస్తుంది. పెళ్ళి క్యాసెట్లలోని ఇలాంటి ముక్కలకు కూడా ఆ కుటుంబాలను అడగడమే పద్ధతి, కాని పెళ్ళికూతురు ముఖం అడగడం కన్నా చెప్పుల గుట్ట అడగడం ఎంత సులభమో మీకే తెలుస్తుంది.

ముఖాల విషయంలో ఒక్క మినహాయింపు గంగ జాతర. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, మాతంగి వేషం కట్టినవారు నలుగురూ చూడాలనే మొక్కుగా వీధిలోకి వస్తారు, ముఖాల మీద రంగు ఉంటుంది. మీ కవితలో చీరకట్టిన మగవారి ప్రస్తావన ఉందన్నారు గనుక అవి అక్కడికి ఎంతో సహజంగా వస్తాయి. అయితే పూనకంలో ఉన్న మనిషిని దగ్గరగా తీసిన షాట్లు ఉంటే వదిలేయండి.

కవితకూ బొమ్మకూ ఉన్న సంబంధం దగ్గర మీకూ మీ స్నేహితుడికీ గొడవ. అతని శ్రద్ధను తక్కువ చేయను, కాని అతను చేస్తున్నది కవితకు పాఠ్యపుస్తకంలో బొమ్మలు వేయడం. మీరు 'గరిటె' అన్నప్పుడు గరిటె కనబడితే ప్రేక్షకుడు చేయవలసిన పని ఏమీ మిగలదు, మాట, బొమ్మ రెండూ ఒకదాన్నొకటి చిన్నబుచ్చుకుంటాయి. ఒక ప్రయోగం చేసి చూడండి. అమ్మ వంటింటి గురించి మీరు రాసిన ఆరు పంక్తులను, జనం లేచిపోయిన తరువాత ఇద్దరు కుర్రాళ్ళు ఎంగిలి విస్తళ్ళు మడిచి గంపలో వేస్తున్న షాటు మీద వినండి. ఆ తరువాత అవే పంక్తులను పంచె తెల్లదనం మీద వినండి. రెండూ వేర్వేరు కవితలైపోతాయి. ముందు గొంతును విడిగా, మొత్తంగా, బట్టలు నిండిన బీరువా తెరిచి దాని ముందు కూర్చొని రికార్డు చేసుకోండి, గది మోత తగ్గుతుంది. క్లాసులో పద్యం చదివే గొంతుతో చదవవద్దు. మీ నాయనకు సంగతి చెప్పే గొంతు, మన చిత్తూరు యాసతోనే, చాలు. డెబ్బై పంక్తుల్లో సగానికి సగం పోతాయి. బొమ్మ చెప్పేసినదాన్ని మళ్ళీ చెప్పే పంక్తి ఎంత బాగున్నా కొట్టేయండి, పుస్తకంలో దాన్ని అలాగే ఉంచుకోవచ్చు.

అమ్మ ముఖాన్ని కృత్రిమ మేధతో స్పష్టం చేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు, కారణం చెబుతాను. మన దగ్గర వాడిన పాల్ (PAL) అనే పద్ధతి వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. ఎనిమిది సెకన్లంటే 200 ఫ్రేములు. ఆ నాటి కెమెరా ఒక్కో ఫ్రేమును రెండు ఫీల్డులుగా, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి, సెకనులో యాభయ్యో వంతు తేడాతో నమోదు చేస్తుంది. అంటే మీ దగ్గర అమ్మ తాలూకు 400 వేర్వేరు క్షణాలు ఉన్నాయి. ఫీల్డులను విడదీసి వరుసగా చూపిస్తే, బొమ్మ కొంచెం మొరటుగా కనిపించినా, పదహారు సెకన్ల దాకా సాగుతుంది. అందులో ప్రతి క్షణం నిజంగా జరిగినదే. నలభై సెకన్లు చేయాలంటే మధ్య క్షణాలను యంత్రం ఊహించి పూరించాలి. ముఖాన్ని స్పష్టం చేసినప్పుడు కూడా లేని గీతలను అది ఎక్కడో చూసిన వేల ముఖాల నుంచి తెచ్చి పెడుతుంది. మీకు ఉన్నది ఒక్కటే నవ్వు, అందులో సగం అపరిచితుల నవ్వు కలపవద్దు. అందుకే క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు డీఇంటర్‌లేస్ చేయవద్దని, అంటే ఆ రెండు ఫీల్డులను ఒకటిగా కలిపేయవద్దని, 720×576లో, 4:3 నిష్పత్తిలోనే ఉంచమని గట్టిగా చెప్పండి. వెడల్పు తెరకు సాగదీస్తే అమ్మ లావెక్కిపోతారు. క్యాసెట్టు కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనబడితే దాన్ని మెషీన్లో పెట్టవద్దు, టేపును చదివే హెడ్లకు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ట్యాబును ఇవాళే విరిచేయండి, ఇక పొరపాటున కూడా దాని మీద రికార్డు కాదు.

మీ నాయన సంగతి. ఆయన కోపంలో రెండు భాగాలున్నాయి. మొదటిది, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు అన్నది, న్యాయమైనది, పైన చెప్పినట్లు చేస్తే దానికి సమాధానం దొరుకుతుంది. రెండోది, మీ అమ్మను కూడానా అన్నది, వాదించి గెలవవలసినది కాదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆ ఎనిమిది సెకన్లను ఆయన ఇంతవరకు చూడలేదు. మీరు సినిమా గురించి చెప్పారు గాని క్యాసెట్టు చూపించలేదు. భార్య కదలడం పదహారేళ్ళకు పైగా చూడని మనిషికి, ఆ మొదటి చూపు ఎవరెవరో కూర్చున్న హాల్లో జరుగుతుందన్న ఊహ ఎంత కష్టంగా ఉండి ఉంటుంది! ఒక ఆదివారం ఇంట్లో, స్నేహితుడు లేకుండా, సినిమా ప్రస్తావన లేకుండా ఆయనకు చూపించండి. చూసిన తరువాత కూడా ఆయన వద్దంటే, మీకు రెండు మార్గాలు. అమ్మ షాటు లేకుండా, అది ఉండవలసిన చోట పదహారు సెకన్లు నల్లటి తెర ఉంచి చిత్రం పూర్తిచేయడం ఒకటి. అది బలహీనమైన చిత్రం కానక్కరలేదు, కాని ఆ నలుపును చూసినప్పుడల్లా మీకు నాయన మీద కోపం వస్తుందేమో ఆలోచించుకోండి. ఆయన మాట కాదని వాడటం రెండోది. ఆ హక్కు మీకు ఉందని వాదించవచ్చు, ఆమె మీ అమ్మ కూడా కదా. కాని అప్పుడు ఆ చిత్రాన్ని ఇంట్లో ఎన్నడూ కలిసి చూడలేరు. ఏది భరించగలరో మీకే తెలియాలి, నేను నిర్ణయించలేను.

పది వారాల గడువును మాత్రం మరిచిపోండి. అనుమతులు అడగడం, క్యాసెట్లు ఎక్కించడం, పంక్తులు కొట్టేయడం ఇవేవీ తొందరపడితే జరిగేవి కావు. చిత్రం టైటిల్స్‌లో స్నేహితుడి పేరు ఏ హోదాతో వేయాలో మాత్రం ఈ వారమే కాగితం మీద రాసుకోండి, ఆలస్యమైతే స్నేహం పోతుంది.

అమ్మ నవ్వు మీద మీ గొంతు ఉండాలా, వద్దా అన్నదానికి మనూరి ఉదాహరణే ఒకటి ఉంది. తిరుమలలో 1922లో వెలుగు చూసిన తాళ్ళపాక వారి రాగిరేకుల మీద సంకీర్తనల మాటలు ఉన్నాయి, రాగాల పేర్లు ఉన్నాయి, స్వరాలు లేవు. ఆ పదాలు ఎలా పాడారో ఎవరికీ తెలియదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు వాటికి బాణీలు కట్టారు, మనం వాటిని వారి బాణీలుగానే చెప్పుకుంటున్నాం. మీకు దొరికినది కూడా అటువంటిదే, బొమ్మ ఉంది, ధ్వని పోయింది. మీరు మీ ధ్వని కలపవచ్చు, అది మీదని వినేవారికి తెలిసేలా. మీ కవిత చివరి చరణంలో అమ్మ ఏమన్నదో మీరే ఊహించి, ఆమె నోట పెట్టిన రెండు పంక్తులున్నాయి. వాటిని ఆ నవ్వు మీద పెట్టవద్దని నా మనవి. కావాలంటే నవ్వుకు ముందు చెప్పండి, నవ్వు వచ్చినప్పుడు ఊరుకోండి.

ఆ చరణాన్ని ఇప్పుడే ఖాయం చేయవద్దు, ఎందుకంటే ఆ మాట పూర్తిగా పోయి ఉండకపోవచ్చు. కొన్ని వీహెచ్‌ఎస్ మెషీన్లు శబ్దాన్ని రెండు చోట్ల నమోదు చేసేవి. టేపు అంచున సాగే మామూలు ట్రాకు ఒకటి, బొమ్మతోపాటు తిరిగే హెడ్లు రాసే హైఫై ట్రాకు మరొకటి. ఆడియో డబ్ మీట నొక్కి పాట కలిపితే అంచున ఉన్న ట్రాకు మాత్రమే చెరుగుతుంది. చిన్నాయన వాడినది హైఫై మెషీను అయి, అదే క్యాసెట్టు మీద పాట కలిపి ఉంటే, కింద అసలు శబ్దం ఇంకా ఉండవచ్చు. పాట వేరే కాపీ మీద కలిపి ఉంటే, ఆ లేబుళ్ళు ఊడిన వాటిలో కెమెరా అసలు క్యాసెట్టు కోసం వెతకండి. వీసీఆర్లు చేసిన చివరి కంపెనీ ఫునాయ్ 2016లో తయారీ మానేసింది గనుక, పాత సామాన్ల దుకాణాల్లోనో, తెలిసిన స్టూడియోల్లోనో హైఫై అని రాసి ఉన్న మెషీన్ ఒకటి అడిగి తెచ్చుకొని, రిమోట్‌లో ఆడియో మీట నొక్కి ట్రాకు మార్చి వినండి. మేళం హోరు, బంతిలో కేకల మధ్య ఆమె "ఆ లైటు అట్ల తిప్పప్పా" అని అని ఉండవచ్చు, లేదా మీరు ఊహించనిది మరేదో. ఏమీ వినబడకపోనూ వచ్చు. ఆ రోజు మీ నాయనను పక్కన కూర్చోబెట్టుకోండి, ఆమె గొంతును ఆయన మీకంటే ముందు గుర్తుపడతారు.